లాగే చప్పుడు లేని తుపాకీ

మా అర్బాబ్‌కు తుపాకీ కొనాలన్న ఆలోచన కాకుల వల్ల వచ్చింది. ఒమన్‌లో యజమానిని మేమంతా అర్బాబ్ అనే అంటాం. ఈయనకు ఖబూరాలో సముద్రానికి దగ్గరగా ఒక తోట ఉంది. డెబ్బై దాటిన మనిషి, మాటలు తక్కువ. నేను ఆయనకు డ్రైవర్ని. పేరుకు డ్రైవర్నే గాని నీళ్ల మోటారు చూసుకోవడం, మేకలకు గడ్డి తేవడం, కాయ దిగిన రోజుల్లో మార్కెట్‌కు తోలడం అన్నీ నా డ్యూటీలోనివే. అంతకు ముందు చాలా ఏళ్లు మస్కట్‌లో కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పని చేశాను. హమ్రియాలో మా జిల్లా వాళ్లమంతా ఒకే రూమ్‌లో సర్దుకుని ఉండేవాళ్లం. మోకాలు చెడి, సైట్‌లో మెట్లెక్కడం చేతకాక, తెలిసిన వాళ్లను పట్టుకుని ఈ తోటలో కుదిరాను.

ఇక్కడి కాకులు మన కాకులే. ఎప్పుడో ఓడలెక్కి వచ్చి ఇక్కడే పిల్లాజెల్లాతో స్థిరపడ్డాయంటారు. ఒమానీలు కూడా వాటిని హిందూస్థానీ కాకులనే పిలుస్తారు. పొద్దున్నే అవి ఖర్జూరపు మట్టల మీద వాలగానే అర్బాబ్ నా వైపు తిరిగి, నీ చుట్టాలు వచ్చారు, చాయ్ పెట్టు అనేవారు. నేనూ నవ్వేవాణ్ణి. అవి పండిన కాయను ఒకటి తిని పది పొడిచి పాడు చేసేవి. కోళ్ల గుడ్లు ఎత్తుకుపోయేవి. ఆయన గొణుక్కుంటూనే చాలా ఏళ్లు ఓర్చుకున్నారు. ఒకరోజు, అప్పుడే పుట్టి తడి ఆరని మేకపిల్ల కన్ను పొడిచాయి. ఆ రోజు ఆయన మజ్లిస్‌లో, అంటే అతిథులను కూర్చోబెట్టే గదిలో, గోడకున్న వాళ్ల నాన్నగారి రెండు గొట్టాల తుపాకీని దించి చూశారు. లోపలంతా తుప్పు. అది ఇక అలంకారానికే పనికొస్తుందని తేలిపోయింది. కొత్తదానికి దరఖాస్తు పెట్టారు. కొన్నాళ్లకు అనుమతి వచ్చింది.

కాకుల్ని కొట్టబోతున్నారని తెలిసినప్పుడు నాకు మనసులో కలుక్కుమంది. మా నాయిన పోయినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను, వెళ్లలేకపోయాను. మూడోనాడు పిట్టకు పెట్టిన బువ్వను కాకి ఎంతసేపటికీ ముట్టలేదని అక్క ఫోన్‌లో చెప్పి ఏడ్చింది. ఆ మాటలన్నీ అర్బాబ్‌కు ఏ భాషలో చెప్పను? చెప్పలేదు.

తుపాకీ కొట్టు మస్కట్ దగ్గర అల్ హైల్‌లో ఉంది. ఆయన పెద్ద కొడుకు కూడా అక్కడే కాపురం, ఏదో ఆఫీసులో ఉద్యోగం. కొడుకు నేరుగా కొట్టుకే వచ్చాడు. లోపల ఏసీ చల్లగా ఉంది. ఒక పక్క గుడారాలు, మడత కుర్చీలు, నీళ్ల డబ్బాలు. ఇంకో పక్క అద్దాల వెనక వరసగా తుపాకులు. నేను బండి దగ్గరే ఉంటానన్నాను. అర్బాబ్ ఒప్పుకోలేదు. తోటకు ఏ వస్తువు కొన్నా నన్ను పక్కన పెట్టుకుని కొనడం ఆయనకు అలవాటు. మోటారైనా, టైరైనా, మేకపోతైనా చివర్లో నా వైపు తిరిగి, నువ్వేమంటావ్ అని అడిగేవారు. నా బలగంలో నన్ను అలా అడిగిన వాళ్లు ఎవరూ లేరు. ఆ అడగడం కోసం నేను కాచుకుని ఉండేవాణ్ణి.

కొట్లో అమ్మే అతను కేరళ మనిషి. అరబ్బీ, హిందీ రెండూ గడగడా మాట్లాడతాడు. కౌంటర్ మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి రెండు తుపాకులు పక్కపక్కన పెట్టాడు. ఒకటి సెమీ ఆటోమేటిక్. తూటా పేలినప్పుడు పుట్టే గాలే ఖాళీ తూటాను బయటికి నెట్టి, కొత్తదాన్ని లోపలికి ఎక్కిస్తుందట. మనిషి వేలు కదిపితే చాలు. పేలుడు బలం కొంత ఆ పనికే పోతుంది కాబట్టి భుజానికి తగిలే దెబ్బ తగ్గుతుందట. రెండోది పంప్ యాక్షన్. దానికి గొట్టం కింద ఒక పిడి ఉంది. ప్రతి తూటాకూ ఎడమ చేత్తో ఆ పిడిని వెనక్కి లాగి ముందుకు తోయాలి. పని ఎక్కువ, కాని మొండిది. ఇసుక పడినా, తుడవకపోయినా, ఎలాంటి తూటా వేసినా మొరాయించదు.

కొడుక్కి పంప్ యాక్షనే నచ్చింది. తోటలో దుమ్ము, ఉప్పు గాలి, సున్నితమైనది ఎందుకన్నాడు. అర్బాబ్ కుడి భుజం నిమురుకున్నారు. చాలా ఏళ్ల కిందట ఖర్జూరపు చెట్టు మీద నుంచి పడ్డప్పుడు ఆ భుజం దెబ్బతింది. ఇప్పటికీ చెయ్యి తలపైకి లేవదు.

అప్పుడు అమ్మే అతను పంప్ యాక్షన్‌ని పైకెత్తి, ఖాళీగానే ఉందని చూపించి, పిడి లాగి తోశాడు. ఖటక్, ఖటక్.

నా కాళ్లు నన్ను అడగలేదు. మోకాళ్లు మడుచుకుపోయి, నేను కౌంటర్ కింద గొంతుకూర్చున్నాను. తల రెండు చేతుల మధ్యకు వచ్చేసింది. పైన మాటలు ఆగిపోయాయి. లేవాలని తెలుసు. లేవడానికి ఒక సాకు కావాలని కూడా తోచింది. బూటు లేసు కట్టుకుంటున్నట్టు చేతులు పాదాల మీదికి పోనిచ్చాను. అప్పుడు చూసుకున్నాను, నా కాళ్లకున్నవి రబ్బరు చెప్పులు. ఆ చెప్పుల మీదే వేళ్లు కాసేపు ఆడించి, గుడారం కర్ర పట్టుకుని లేచాను. కొడుకు నా వైపు వింతగా చూశాడు. అమ్మే అతను మర్యాదగా చూపు తిప్పుకున్నాడు. అర్బాబ్ మాత్రం తుపాకీనే చూస్తున్నారు.

అమ్మే అతను ఇంకోసారి లాగాడు. ఈసారి నేను కింద కూర్చోలేదు. కౌంటర్ అంచు గట్టిగా పట్టుకున్నాను.

"తుమ్ బోలో," అన్నారు అర్బాబ్, ఎప్పటిలాగే నా వైపు తిరిగి. "కౌన్ సా అచ్ఛా?"

ఏది మంచిదో చెప్పమన్నారు. నేను ఆగకుండా మాట్లాడాను. పెద్దవారి భుజానికి సెమీ ఆటోమేటిక్ తప్ప వేరే దారి లేదన్నాను. ప్రతిసారీ పిడి లాగుతూ కూర్చుంటే కాకి ఎగిరిపోతుందన్నాను. దుమ్ము సంగతి నాకు వదిలేయండి, రోజూ నూనె గుడ్డ అందిస్తానన్నాను. నా నోట అంత హిందీ అంత నున్నగా ఎన్నడూ రాలేదు. చెప్పినవన్నీ నిజాలే. కాని నేను అది చెప్పింది ఆయన భుజం కోసం కాదు. ఆ పిడి, ఆ చప్పుడు తోటలోకి రాకూడదని. సెమీ ఆటోమేటిక్‌కు కూడా మొదట్లో ఒకసారి వెనక్కి లాగే కొక్కెం ఉంది గాని, అది ఒక్కసారితో అయిపోతుంది. ప్రతి తూటాకూ ఖటక్, ఖటక్ అనదు.

అర్బాబ్ తల ఊపారు. కొడుకు భుజాలెగరేసి ఊరుకున్నాడు.

తర్వాత అమ్మే అతను నాతో తూటాల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. తుపాకీ అర్బాబ్ పేరు మీద ఉంటుంది, ముట్టుకునేది ఆయనే. కాని దాని సరంజామా చూసేది నేనని ఆయనే చెప్పారు. అదే సమయంలో వెనకాల ఇంకెవరో కస్టమర్ పంప్ యాక్షన్‌ని లాగి చూస్తున్నాడు. నా చెవులకు అది తప్ప ఇంకేం వినబడలేదు. తేలికవా, బలమైనవా అని అతను అడిగితే, భుజానికి మంచిదని తేలికవే ఇమ్మన్నాను. అతను ఏదో అభ్యంతరం చెప్పాడు. నేను, ఆ ఆ, సరే సరే అంటూ పెట్టె చంకలో పెట్టుకుని బయటికి నడిచాను. బండి స్టీరింగ్ ఎండకు కాలిపోతోంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుంటే ప్రాణం కుదుటపడింది.

ఆ చప్పుడు నాకెక్కడిదో చెప్పాలి.

మా ఊరు కరీంనగర్ జిల్లాలో, మానేరు వాగుకు అవతల. నా చిన్నతనంలో ఊళ్లోకి తుపాకులు పట్టుకుని రెండు రకాల వాళ్లు వచ్చేవాళ్లు. ఒకళ్లు వచ్చి బువ్వ పెట్టమనేవాళ్లు. ఇంకొకళ్లు వచ్చి ఎందుకు పెట్టావనేవాళ్లు. ఆ సాయంత్రం వచ్చింది ఎవరో నాకిప్పుడు చెప్పాలని లేదు. ఎవరైనా మా నాయినకు ఒకటే. నాయినను వాకిట్లో కూర్చోబెట్టారు. మా నాయినది పెద్ద గొంతు. పంచాయితీలో ఆయన మాట్లాడితే పక్క వాడకు వినబడేది. ఇంట్లో మేము ఆయన అడుగుల చప్పుడుకే సర్దుకుని కూర్చునేవాళ్లం. వెనకాల నిలబడ్డ మనిషి తుపాకీ గొళ్లేన్ని నాయిన చెవి దగ్గరే లాగి తోశాడు. కాల్చలేదు. మళ్లీ లాగాడు. నాయిన కింద నేల తడిసింది. తెల్ల పంచె ముందు నుంచి మడమల దాకా తడిసి ఒంటికి అంటుకుంది. గోడల మీద నుంచి ఇరుగుపొరుగు చూస్తూనే ఉన్నారు. వచ్చిన వాళ్లలో ఒకడు నవ్వాడు. తర్వాత వెళ్లిపోయారు.

ఆ పంచె సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నాయిన గొంతు మాత్రం ఆ తర్వాత మా వాకిలి దాటలేదు. నేను పెద్దవాణ్ణయి, ఇక్కడికొచ్చి, రూమ్‌లో ఎవరి నాన్నల గురించి వాళ్లు గొప్పలు చెప్పుకుంటుంటే, నేను నాయిన పెద్ద గొంతు దాకా చెప్పి ఆపేసేవాణ్ణి.

తుపాకీ వచ్చిన కొద్ది రోజులకు, చలికాలం శుక్రవారం పొద్దున, అర్బాబ్ బావమరిదీ చిన్నాన్న కొడుకులూ తోటకు వచ్చారు. మస్కట్ నుంచి పెద్ద కొడుకూ వచ్చాడు. చెట్ల కింద తివాసీలు పరిచాం. ఖహ్వా కాఫీ, ఖర్జూరం తిరిగాయి. అర్బాబ్ కొత్త తుపాకీ తెప్పించుకుని, దూరంగా మోడు మీద వాలిన కాకికి గురిపెట్టారు. కొక్కెం లాగిన ఆ ఒక్కసారికి కళ్లు మూసుకుని, నేను తూటాల పెట్టె పట్టుకుని వెనకాల నిలబడ్డాను. మొదటి దెబ్బకే కాకి రాలింది. అందరూ మెచ్చుకున్నారు. అంతలోనే ఎక్కడెక్కడి కాకులూ లేచి, చచ్చిన దాని మీద చక్కర్లు కొడుతూ అరవసాగాయి. ఆకాశం నల్లబడింది. ఇంత సులువు గురి మళ్లీ దొరకదు. అర్బాబ్ మళ్లీ ట్రిగ్గర్ నొక్కారు. తుపాకీ పలకలేదు. ఖాళీ తూటా పూర్తిగా బయటపడక, తలుపు సందులో వేలు ఇరుక్కున్నట్టు అడ్డంగా ఇరుక్కుపోయింది.

కొడుకు వచ్చి జాగ్రత్తగా దాన్ని ఊడదీశాడు. మళ్లీ కాల్చారు. మళ్లీ అదే. ఇంకోసారీ అంతే. పైన కాకులు అరుస్తూనే ఉన్నాయి. చుట్టాల్లో ఒకరు నవ్వు ఆపుకోలేకపోయారు. కొడుకు పెట్టె తీసుకుని తూటాల మీద రాసింది చదివాడు. ఈ తేలిక తూటాలకు తుపాకీని తిప్పే బలం లేదని, పంప్ యాక్షన్ అయితే ఈ గొడవే ఉండేది కాదని అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

"ఇది కొనమని నీకెవరు చెప్పారు?" అని బావమరిది అరబ్బీలో అడిగాడు. ఆ మాత్రం అరబ్బీ నాకు అర్థమవుతుంది. కొడుకు నా వైపు చూశాడు. నేను పెట్టె మూత మీది బొమ్మను చూస్తూ నిలబడ్డాను.

"నా భుజం చెప్పింది," అన్నారు అర్బాబ్.

అని, తుపాకీని ఒళ్లో పెట్టుకుని కూర్చుని, ఖహ్వా పోయమని గిన్నె చాపారు. తన ఇంట్లో, తన చుట్టాల ముందు, చేతకాని తుపాకీ పట్టుకున్న ముసలివాడిగా కూర్చున్నారు. నా పేరు ఎత్తి ఉంటే ఆ నవ్వంతా నా మీదికి పోయేది. పనివాడి మీద నవ్వితే ఎవరికీ పోయేదేమీ లేదు. ఖహ్వా పోస్తుంటే గిన్నె పొర్లి, వేడి చుక్కలు ఆయన తెల్ల దిష్దాషా అంగీ మీద పడ్డాయి. ఆయన విదిలించుకుని ఊరుకున్నారు.

చుట్టాలు వెళ్లాక సాయంత్రం ఆయన్ని మసీదుకు తీసుకెళ్తున్నాను. దారిలో బండి పక్కకు ఆపి చెప్పాను. తూటాల తప్పు నాదని చెప్పాను. తుపాకీ విషయంలో కూడా మనసులో ఉన్నది చెప్పలేదని, ఆ పిడి చప్పుడు నాకు పడదని చెప్పాను. నాయిన సంగతి కూడా ముక్కలు ముక్కలుగా చెప్పాను. పంచె తడిసిందన్న చోట హిందీ మాట తెలిసి కూడా నోట్లోంచి రాలేదు. చేత్తో నా లుంగీ మీద చూపించాను. చెప్పినంతసేపూ రోడ్డునే చూశాను.

ఆయన కిటికీ అద్దం మూశారు. తర్వాత తన కలగాపులగపు హిందీలో మెల్లగా చెప్పారు. "కొట్లో నువ్వు కింద కూర్చోవడం చూశాను. ఎండకు కళ్లు తిరిగాయేమో అనుకున్నాను. అతను రెండోసారి లాగినప్పుడు నీ మెడ చూశాను. అప్పుడు తెలిసింది."

"తెలిసి కూడా నన్నెందుకు అడిగారు బాబా?"

"ఎప్పుడూ అడుగుతాను కదా. అప్పుడు అడక్కపోతే, చూశానని నీకు తెలిసిపోయేది."

నేను బండి తీయలేకపోయాను. ఆయనే డాష్‌బోర్డు మీద తట్టి, నమాజుకు వేళవుతోంది పద అన్నారు. దిగేముందు, భుజానికి ఈ తుపాకీ బాగానే ఉంది, బలమైన తూటాలు తెప్పిద్దాం అని మాత్రం అన్నారు.

ఆ తర్వాత నాకు పనులు పెరిగాయి. పొద్దున్నే పిలిచి, వెళ్లి డీజిల్ కొట్టించుకు రా అనేవారు. ఇంకో రోజు, చెల్లెలింట్లో నిమ్మకాయలు ఇచ్చి రా అనేవారు. మరో రోజు, మేకలకు మందు కావాలనేవారు. మందు డబ్బా నిండుగా ఉందన్నా వినేవారు కాదు. తిరిగొచ్చేసరికి తివాసీ చుట్టేసి ఉండేది. మోటారు గది వెనక చచ్చిన కాకులు ఉండేవి. తూటాల పెట్టె మోసే పని నాతో పాటు తోటలో ఉండే బంగ్లాదేశ్ ముసలాయనకు పోయింది. నాకు కష్టంగా అనిపించింది. తూటాల తప్పు చేశాను కాబట్టి నమ్మకం పోయిందని, నా మాట ఇక అడగరని అనుకున్నాను. బంగ్లా ఆయనతో రెండు రోజులు ముభావంగా ఉన్నాను. ఆయన వండిన చేప కూడా ముట్టలేదు.

చివరికి ఆయనే విసుక్కున్నాడు. ఆ పెట్టె తను అడిగి తీసుకున్నది కాదన్నాడు. "బాబా రోజూ నన్ను గేటు దగ్గర నిలబెడతాడు. నీ బండి మలుపు తిరిగిందని నేను చెయ్యి ఊపితేనే తుపాకీ బయటికొస్తుంది. నువ్వు తొందరగా తిరిగొస్తే తీసిన తుపాకీ మళ్లీ లోపలికి పోతుంది. నీకు తెలియదా?"

తెలియదు. అంత వయసు మనిషి తన తోటలో తన తుపాకీ తీయడానికి, నా బండి మలుపు తిరిగేదాకా దొంగలా కాచుకుని కూర్చుంటున్నాడు. కొట్లో కింద కూర్చున్నప్పటి కంటే, చుట్టాల ముందు నిలబడ్డప్పటి కంటే అది నాకు ఎక్కువ సిగ్గనిపించింది. తిడితే పడి ఉండొచ్చు. నా భయాన్ని ఇంకొకరు ఇంత జాగ్రత్తగా మోస్తుంటే ఎలా ఉండాలో తెలియలేదు.

అక్కకు ఫోన్ చేశాను. మా ఇద్దరికీ వారం వారం మాట్లాడుకునే అలవాటు. వానలు, మోకాలు, ఆమె మనవలు అన్నీ అయ్యాక అడిగాను.

"అక్కా, నాయినను ఆ దినం వాకిట్ల కూసోవెట్టిండ్రు గదా. నీకు యాదికున్నదా?"

ఫోన్ కట్ అయిందేమోనని చూసుకున్నాను.

"యాదికెందుకు లేదురా," అంది అక్క. "ఆ పంచె పిండింది నేనే. అవ్వ ముట్టలే. బాయికాడికి తీస్కపోయి పిండుతుంటే నాయిన ఎనుక వచ్చి నిలవడ్డడు. నేనే పిండుకుందు గద బిడ్డా అన్నడు. గంతే. మల్ల ఎన్నడు ఆ ముచ్చట తియ్యలే. నీకిప్పుడు గదెందుకు?"

"ఈడ తుపాకి సప్పుడైతే కాళ్లు వణుకుతున్నయే. అందరు చూసిండ్రు. మొఖం చెల్లుతలేదు."

"నువ్వొక్కనివే అనుకున్నవా? తలుపు గొళ్లెం ఏస్తె నాకిప్పటికి పానం పోతది. అందుకే నేను గొళ్లెం పెట్టనే పెట్ట. రాత్రి తలుపు దగ్గరికేసి, రోకలి అడ్డం పెట్టుకుంట."

అక్క ఇంటి తలుపుకు గొళ్లెం వేయదని మాకందరికీ తెలుసు. మతిమరుపని, ఇంట్లో దోచుకునేందుకు ఏముందిలే అన్న ధీమా అని ఎగతాళి చేసేవాళ్లం. బావ అయితే నలుగురిలో కూడా అనేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. ఇన్నేళ్లూ ఆ నవ్వు నాకు నవ్వుగానే కనిపించింది.

"బావకు చెప్పలేదా?" అన్నాను.

"ఏమని చెప్పుదు?" అంది. తర్వాత, బువ్వ తిన్నవా అని అడిగింది.

మర్నాడు పొద్దున అర్బాబ్ ఎప్పటిలాగే డీజిల్ కొట్టించుకు రమ్మన్నారు. బంగ్లా ఆయన అప్పటికే గేటు వైపు నడుస్తున్నాడు.

"డీజిల్ నిండుగా ఉంది బాబా," అన్నాను. "నేను ఇక్కడే ఉంటాను."

ఆయన వద్దనలేదు. ఆ చెట్టు అవతల కూర్చో అని కాస్త దూరం చూపించారు. తూటాలు వేసే ముందు, వేస్తున్నాను అని నాకు వినబడేలా చెప్పారు. కొక్కెం లాగే ముందు, లాగుతున్నాను అన్నారు. ఆయన చెప్పినా ఆ ఒక్క చప్పుడుకు నా ఒళ్లు జలదరించింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. తూటాలు బలమైనవి కావడంతో తుపాకీ ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. అయిపోయాక లేవబోతే కాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. ఆయన తన చేతికర్ర అందించారు.

నాకు భయం పోయిందని చెప్పను. ఆ రోజు నుంచి రోజూ కూర్చున్నానని కూడా చెప్పను. కొన్ని రోజులు కూర్చునేవాణ్ణి. కొన్ని రోజులు డీజిల్ నిండుగా ఉన్నా బండి తీసుకుని వెళ్లిపోయేవాణ్ణి. ఆయన రెండిటికీ ఏమీ అనేవారు కాదు. కాకులు కొన్నాళ్లకు ఆ తోటను వదిలి పక్క తోట మీద పడ్డాయి. మోటారు మార్చాల్సి వచ్చినప్పుడు నన్ను మోటార్ల కొట్టుకు తీసుకెళ్లి, మళ్లీ నువ్వేమంటావ్ అని అడిగారు. నాకు తోచింది చెప్పాను. ఈసారి ఇంకేదీ దాచుకోలేదు గనక మాటలు తడబడ్డాయి.

ఎండాకాలంలో పెద్ద కొడుకు తన పేరు మీద పంప్ యాక్షన్ కొనుక్కున్నాడు. ఖర్జూరం కోతల రోజుల్లో స్నేహితులతో తోటకు వచ్చాడు. అర్బాబ్ ఇంట్లో నిద్రపోతున్నారు. కొడుకు మజ్లిస్ ముందు సంచి విప్పి తుపాకీ తీశాడు. స్నేహితులకు చూపించడానికి ఎడమ చెయ్యి పిడి మీద పెట్టాడు. నేను చాయ్ గ్లాసులు పట్టుకుని వాళ్ల మధ్యలో ఉన్నాను.

గ్లాసులు కింద పెట్టాను. "ఒక్క నిమిషం ఆగండి," అన్నాను హిందీలో. అందరూ తిరిగి చూశారు. "ఆ లాగే చప్పుడు నాకు భయం. నేను అవతలికి పోయాక లాగండి."

స్నేహితుల్లో ఒకతను నేను తమాషా చేస్తున్నాననుకుని నవ్వాడు. కొడుకు నవ్వలేదు. కొట్లో ఆ రోజు చూసినట్టే మళ్లీ నా వైపు చూశాడు. ఈసారి అందులో వింత లేదు. చెయ్యి పిడి మీద నుంచి తీసి, సరే వెళ్లు అన్నాడు. ఎందుకని అడుగుతాడేమోనని ఒక క్షణం నిలబడ్డాను. అడగలేదు.

నలుగురు మగవాళ్లు చూస్తుండగా, చెవుల దాకా మంట పుడుతుండగా, మోటారు గది దాకా నడిచాను. తొందరపడకుండా నడవాలనుకున్నాను, కాని నా నడక నాకే పరుగులా అనిపించింది. లోపలికి వెళ్లి స్విచ్ వేశాను. మోటారు హోరులో బయటి చప్పుడేదీ వినబడలేదు. వాళ్లు లాగారో లేదో నాకు తెలియదు. గది గుమ్మంలో కూర్చుని, నిమ్మ పాదుల్లోకి నీళ్లు ఎక్కడం చూస్తూ, ముఖం చల్లబడేదాకా అక్కడే ఉండిపోయాను.